చీనీకాయల ఇంట్లో మూడు జ్యూసర్లు

మా తమ్ముడికి నార్పల పక్కన నాలుగెకరాల చీనీ తోట ఉంది. మిగతా చోట్ల బత్తాయి అనేదాన్నే మా అనంతపురంలో చీనీకాయ అంటాం. కోత మొదలైందంటే వారానికో ట్రే మా ఇంటికి వచ్చేస్తుంది. ఒక్కో ట్రేలో 20 కిలోల పైనే ఉంటాయి. పిల్లలిద్దరూ బెంగళూరులో ఉన్నారు, ఇంట్లో మిగిలింది నేను, మా ఆయన, మా అత్తమ్మ. అత్తమ్మకు 79 ఏళ్లు. కట్టుడు పళ్లు పెట్టుకుంటే చిగుళ్లు ఒరుసుకుంటాయి, తీసేస్తే తొన నమలలేదు. అందుకని రోజూ పొద్దున పదకొండు గంటలప్పుడు ఆమెకు ఒక గ్లాసు చీనీ రసం ఉండాలి. రోజంతా మాత్రలు మింగి నోరు చేదెక్కిన మనిషికి ఆ గ్లాసు ఎంత ఊరటో ఆమె మొహం చూస్తే తెలుస్తుంది.

ఆ ఒక్క గ్లాసు కోసం 2019 నుంచి ఇప్పటిదాకా మూడు కరెంటు జ్యూసర్లు కొన్నాను. మూడూ మూడు రకాలు. జ్యూసర్ కొందామనుకుంటున్న వాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు కాబట్టి, వాడి చూసిందంతా ఒకచోట రాస్తున్నాను.

అంతకుముందు మిక్సీతో పాటు వచ్చిన జ్యూసు జారే వాడేదాన్ని. మధ్యలో జాలీ గొట్టం ఉంటుంది కదా, అందులో తొనలు వేసి తిప్పితే రసం బయటికి వస్తుంది, పిప్పి లోపల ఉండిపోతుంది. పుచ్చకాయకు, ద్రాక్షకు బాగుంటుంది. చీనీకి మాత్రం కుదరదు. గింజలు బ్లేడుకు తగిలి పగులుతాయి, పగిలిన గింజ చేదు రసమంతా పాకుతుంది. గింజలన్నీ ఏరి వేద్దామంటే స్కూలుకు టైమైపోతుంది. నేను హైస్కూల్లో బయాలజీ టీచర్ని, ఎనిమిదిన్నరకల్లా ఇంట్లోంచి బయటపడాలి.

2019 లో మొదటి జ్యూసర్ కొన్నాను, 4,200 రూపాయలు. సెంట్రిఫ్యూగల్ రకం. లోపల గుండ్రటి జాలీ బుట్ట, దాని అడుగున తురుముపీట లాంటి సన్నటి పళ్లు. కాయను పైనుంచి నొక్కితే ఆ పళ్లు తురిమేస్తాయి, బుట్ట గిర్రున తిరిగే వేగానికి రసం జాలీలోంచి బయటికి చిమ్ముతుంది, పిప్పి పక్క డబ్బాలో పడుతుంది. జ్యూసు బండ్ల మీద కనిపించే తెల్లటి సుజాత మెషిన్ చేసే పని కూడా ఇదే. 900 వాట్ల మోటారు, నిమిషానికి 22,000 చుట్లు. రోజుకు వంద గ్లాసులు తీసే వాళ్లకు అది సరైనదే. ఇంట్లో ఒక్క గ్లాసు కోసం అంత హోరు ఎందుకని కొన్న నెలలోనే అనిపించింది. నేను ఆన్ చేస్తే ముందుగదిలో ఉన్న అత్తమ్మ చెవులు మూసుకునేది.

దాని మంచి కూడా చెప్పాలి. క్యారెట్, యాపిల్, బీట్‌రూట్ లాంటి గట్టివాటికి చాలా వేగం. అర కిలో క్యారెట్ రెండు నిమిషాల్లో అయిపోతుంది. కానీ రసం మీద రెండు వేళ్ల మందాన నురగ. పది నిమిషాలు గ్లాసు అలా ఉంచితే కింద నీళ్లు, పైన చిక్కటి పొర విడిపోతాయి. పిప్పి చేత్తో పిండితే ఇంకో పావు గ్లాసు కారేది, అంటే అంత రసం చెత్తబుట్ట పాలవుతోందన్నమాట. ఆకుకూరలు వేస్తే దాదాపు ఏమీ రాదు, తడి ఆకే పిప్పి డబ్బాలోకి ఎగిరి పడుతుంది.

ఈ రకంలో మోటారు వేడికి విటమిన్లు చచ్చిపోతాయని కొందరు చెబుతారు. నేను తీసిన రసం ఎప్పుడు ముట్టుకున్నా చల్లగానే ఉంది. అన్ని క్షణాల్లో కాయ ఏం వేడెక్కుతుంది? గాలి బాగా కలుస్తుంది కాబట్టి తొందరగా రంగు మారుతుంది, అది నిజం. అందుకే తీసిన వెంటనే తాగేయాలి.

రెండేళ్లకు దాని మూతను పట్టి ఉంచే క్లిప్పు విరిగింది. ఆ క్లిప్పు సరిగ్గా బిగుసుకుంటేనే మెషిన్ ఆన్ అవుతుంది, మన భద్రత కోసం పెట్టిన ఏర్పాటు అది. ఊళ్లో సర్వీస్ సెంటర్ లేదు. బెంగళూరు పంపిస్తే మూడు వారాలు తమ దగ్గరే పెట్టుకుని, ఆ మోడల్ ఆగిపోయింది, పార్టు దొరకదు అని వెనక్కి పంపారు. మోటారు కొత్తదానిలా ఉంది, జాలీ కొత్తదానిలా ఉంది. గుప్పెడు ప్లాస్టిక్ లేక మొత్తం మెషిన్ మూలపడింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి ఏ సామాను కొన్నా, విడిభాగాలు విడిగా అమ్ముతారా అన్నదే నా మొదటి ప్రశ్న.

ఇంతకీ అసలు సమస్య మెషిన్ విరగడం కాదు. నేను పొద్దున ఎనిమిదింటికి రసం తీసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి సగం గ్లాసు అలాగే ఉండేది. ఏమైందత్తమ్మా అంటే, "పొద్దున నువ్వు రుచి చూపిస్తే కమ్మగా ఉండె గదమ్మా, ఇప్పుడు చేదు కొడతాంది" అనేది. నేనేమో గింజ ఏదో పడి ఉంటుందనుకునేదాన్ని. మరుసటి రోజు తొన తొనా విప్పి, ఒక్క గింజ లేకుండా ఏరి తీసేదాన్ని. అయినా మధ్యాహ్నానికి చేదే. నేను ఉండే ఆదివారాలు మాత్రం గ్లాసు ఖాళీ.

2022 లో కోల్డ్ ప్రెస్ కొన్నది ఆ చేదు పోతుందనే ఆశతోనే. 11,500 పెట్టాను. రసం రెండు రోజులైనా రుచి మారదని షాపులో చెప్పారు. ఇది తురమదు, నలిపి పిండుతుంది. లోపల పెద్ద మర ఒకటి ఉంటుంది, చెరుకు రసం బండిలో గానుగ తిరిగినట్టు నిదానంగా, నిమిషానికి 50 చుట్ల దగ్గర. మోటారు 200 వాట్లే. పక్కగదిలో ఫోన్ మాట్లాడుకోవచ్చు, అంత నెమ్మది.

క్యారెట్‌కు, బీట్‌రూట్‌కు, ఉసిరికి ఇది చాలా మంచి మెషిన్, అందులో సందేహం లేదు. కొలత గ్లాసుతో చూశాను. పాతదాంట్లో అర కిలో క్యారెట్‌కు 200 మిల్లీలీటర్లు దాటేది కాదు, దీంట్లో 270 దాకా వచ్చింది. పిప్పి పొడిపొడిగా రాలుతుంది. ఆ పిప్పిని పారేయను, గోధుమపిండిలో వేసి, కాస్త వాము చల్లి చపాతీ చేస్తాను. ఉసిరికాయలు గింజ తీసి, రెండు కరివేపాకు రెబ్బలు, చిన్న అల్లం ముక్క కలిపి వేస్తే వచ్చే రసానికి సాటి లేదు. అల్లం మాత్రం సన్నగా అడ్డంగా తరిగి వేయాలి. పొడుగు ముక్క వేస్తే పీచు మర చుట్టూ చుట్టుకుని పిప్పి దారి మూసేస్తుంది, మెషిన్ మూలుగుతూ ఆగిపోతుంది. అప్పుడు కంగారు పడి మూత లాగకూడదు. రివర్స్ బటన్ నాలుగైదు క్షణాలు నొక్కితే వదులుతుంది. సంక్రాంతికి వచ్చిన మేనల్లుడు చెరుకు ముక్కలు వేద్దామన్నాడు, నేను వేయనివ్వలేదు. చెరుకు, కొబ్బరి, గడ్డకట్టిన ముక్కలు వద్దని దాని పుస్తకంలోనే రాసి ఉంది. ఒకసారి మర అంచు పోయిందంటే ఇంక రసం రాదు.

కడగడం గురించి షాపులో ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఊడదీస్తే ఏడు భాగాలు. జాలీకి ఉండే సన్నటి రంధ్రాల్లో పీచు ఇరుక్కుంటుంది, బ్రష్షుతో లోపలి నుంచి, బయటి నుంచి రుద్దాలి. పిప్పి వచ్చే దారి కింద రబ్బరు మూత ఒకటి ఉంటుంది, దాన్ని లాగి చూడకపోతే అక్కడే పిప్పి పులిసి వాసనొస్తుంది. నాకు పది నిమిషాలు పడుతుంది. గంట ఆలస్యం చేస్తే ఎండిపోయి ఇరవై నిమిషాలు. క్యారెట్ రంగు తెల్లటి ప్లాస్టిక్‌కు పట్టేస్తే సబ్బుకు పోదు. గుడ్డకు నాలుగు చుక్కల వంటనూనె అద్ది తుడిస్తే పోతుంది, ఎందుకంటే ఆ రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. మాది బోరు నీళ్లు, ఉప్పు ఎక్కువ. నెలకోసారి జాలీ తెల్లగా పొర కడుతుంది. పిండేసిన నిమ్మచెక్కలు వేసిన వేడినీళ్లలో రాత్రంతా ఉంచితే వదులుతుంది.

ఇంత చేసినా చీనీ రసం సంగతి మారలేదు. మారకపోగా ఇంకా తొందరగా చేదెక్కింది. తొక్క తీసినా తొనల మీద తెల్లటి పొర మిగులుతుంది కదా, మర దాన్ని కూడా కాయతో పాటు గట్టిగా పిండేస్తుంది.

కారణం మా తమ్ముడి తోటకు వచ్చిన హార్టికల్చర్ ఆఫీసరు మాటల్లో దొరికింది. చీనీ తొనల పొరలో, తొక్క కింది తెల్లటి భాగంలో ఒక పదార్థం ఉంటుంది. కాయలో ఉన్నంతసేపూ దానికి చేదు లేదు. అందుకే మనం తొన తింటే తియ్యగా ఉంటుంది. కాయను పిండగానే అది రసంలోని పులుపుతో కలిసి కొద్దికొద్దిగా లిమోనిన్‌గా మారుతుంది. లిమోనిన్ చేదు. కొన్ని గంటలు గడిచేసరికి నాలుకకు తెలిసేంత తయారవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే కాస్త నిదానిస్తుంది తప్ప ఆగదు. గింజల్లో అయితే ముందే ఉంటుంది. బయాలజీ చెప్పే దాన్ని, నాకు ఆ రోజు నిజంగా సంతోషమేసింది. మూడేళ్లుగా అత్తమ్మ చెప్పింది అక్షరాలా నిజం. పొద్దున కమ్మగా ఉండేది, మధ్యాహ్నానికి చేదెక్కేది. తప్పు గింజది కాదు, మెషిన్‌దీ కాదు. చీనీ రసం దాచుకునేది కాదు, అంతే.

అంటే పదకొండింటికి తాగాలంటే పదకొండింటికే తీయాలి. ఆ టైముకు ఇంట్లో ఉండేది అత్తమ్మ ఒక్కతే.

అప్పుడు కొన్నది మూడోది, 1,350 రూపాయలు. నిమ్మ, నారింజ, చీనీ పిండడానికే చేసిన చిన్న సిట్రస్ జ్యూసర్. 40 వాట్లు. కింద గిన్నె, పైన జాలీ, మధ్యలో గీతలు గీతలుగా ఉన్న కోను. స్విచ్చు అంటూ వేరే లేదు. సగం కాయను కోను మీద బోర్లించి అరచేత్తో నొక్కితే తిరుగుతుంది, చెయ్యి తీస్తే ఆగిపోతుంది. ఒక్కోసారి కుడివైపు, ఒక్కోసారి ఎడమవైపు తిరుగుతుంది. పాడైందేమోనని మొదటి రోజు టెన్షన్ పడ్డాను. ఆ చిన్న మోటార్లు అంతే, ఎటైనా మొదలవుతాయి. రెండు వైపులా తిరిగితేనే మూలల్లో రసం కూడా వస్తుంది.

వాడేటప్పుడు రెండు మూడు సంగతులు చూసుకోవాలి. కాయను తొడిమ నుంచి నిలువుగా కోయకూడదు, నడుము దగ్గర అడ్డంగా కోయాలి. అప్పుడు పది తొనలూ నోళ్లు తెరుచుకుని కనిపిస్తాయి, కోను గీతలు ప్రతి తొనలోకీ దిగుతాయి. నిలువుగా కోస్తే పక్క తొనల పొరలు అడ్డుపడి రసం సగం లోపలే ఉండిపోతుంది. కోసే ముందు కాయను గట్టు మీద అరచేత్తో దొర్లిస్తే ఇంకాస్త ఎక్కువ వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన కాయ అయితే కాసేపు బయట ఉంచాలి. నొక్కేటప్పుడు చేతికి మెత్తగా తగులుతున్నంత వరకే, కోను తొక్కకు గరగరా రాసుకుంటున్న చప్పుడు వినబడగానే తీసేయాలి. ఆ చివరి రెండు చుక్కల కోసం చూస్తే తెల్లటి భాగం గీరుకుని రసంలో కలుస్తుంది. గింజలు పగలవు, జాలీ మీదే తేలుతాయి. మూడు చీనీలకు 220 మిల్లీలీటర్ల దాకా వస్తుంది, అత్తమ్మ గ్లాసు నిండుతుంది.

కోను సైజు షాపులోనే చూసుకోండి. నిమ్మకాయకు సరిపోయే చిన్న కోను మీద చీనీ పెడితే మధ్యలో మాత్రమే పిండుతుంది, అంచుల్లో రసం వదిలేస్తుంది. నేనైతే సంచిలో ఒక చీనీకాయ వేసుకుని వెళ్లాను. షాపు కుర్రాడు చాకు తెచ్చి కోసిచ్చాడు, నాలుగు మోడళ్ల మీద బోర్లించి చూశాను. రెండు పనికిరాలేదు.

అత్తమ్మకు మొదట భయం, కరెంటుది నాకెందుకమ్మా అంది. ఒక ఆదివారం పక్కన కూర్చుని, ఆమె చెయ్యి కింద, నా చెయ్యి పైన పెట్టి రెండు చెక్కలు పిండించాను. మూడో చెక్క తనే పట్టుకుంది. చాకుతో ఆమెకు పని లేకుండా పొద్దునే నేను మూడు కాయలు కోసి, చెక్కలను మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి వెళ్తాను. కోసిన చెక్క మూడు గంటలుంటే చేదెక్కదు, పిండిన రసమే ఎక్కుతుంది. పదిన్నరకు డబ్బా బయట పెట్టుకుంటుంది, పదకొండింటికి పిండుకుంటుంది. కడగాల్సినవి మూడే, కోను, జాలీ, గిన్నె. కొళాయి కింద పెడితే నిమిషం. ప్లగ్గు మాత్రం ముందే తీసేయమని గట్టిగా చెప్పాను, ఆమె అదే పద్ధతిగా పెట్టుకుంది.

దానిమ్మ గురించి కూడా అడుగుతారు, మా జిల్లాలో ఆ తోటలు కూడా ఎక్కువే కదా. సిట్రస్ జ్యూసర్ మీద దానిమ్మ సగం కోసి పిండొచ్చని చూపిస్తారు. వస్తుంది, కానీ మధ్య పసుపు పొర కూడా నలిగి వగరు దిగుతుంది. కోల్డ్ ప్రెస్‌లో వేస్తే గింజల లోపలి గట్టి పలుకు నలుగుతుంది, అదీ వగరే. నాకు దానిమ్మకు పాత మిక్సీ జారే నచ్చింది. గింజలు ఒలిచి వేసి, రెండు మూడు సార్లు అలా తిప్పి వెంటనే ఆపేసి, స్టీలు జల్లెడలో వడగట్టాలి. పలుకు నలగదు, రసం ఎర్రగా దిగుతుంది.

ఇంకో మాట, ఇది జ్యూసర్లు అమ్మేవాళ్లు చెప్పరు. మా ఆయనకు షుగరు ఉంది, ఆయనకు నేను ఏ జ్యూసూ ఇవ్వను. చీనీ కావాలంటే తొనలు తింటారు. కాయ తింటే ఒకటి తింటాం, గ్లాసు తాగితే మూడు కాయల చక్కెర పీచు లేకుండా ఒక్కసారిగా లోపలికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 లో తగ్గించమన్న చక్కెరల్లో పళ్లరసంలోది కూడా ఉంది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా రసం కన్నా పండే మేలంటుంది. నమలగలిగే వాళ్లకు జ్యూసర్ అవసరం లేదనేది నా గట్టి అభిప్రాయం. అత్తమ్మకు షుగరు లేదు, నమలలేదు, డాక్టరును అడిగాకే రోజుకు ఒక గ్లాసు పెట్టాను. ఏడాది నిండని పిల్లలకు అసలే వద్దు.

కొనేటప్పుడు వాట్లు, చుట్లు అని లెక్కలు చూసే ముందు మీ ఇంటికి వారం వారం ఏ పండు వస్తుందో, ఆ మెషిన్ ఎవరు కడుగుతారో చూసుకోండి. నిమ్మ, చీనీ, కమలా ఇవే అయితే పదివేలు పెట్టాల్సిన పని లేదు. క్యారెట్, ఉసిరి, ఆకుల రసాలు నిజంగానే రోజూ తాగే ఇల్లయితే కోల్డ్ ప్రెస్ మంచిది, కానీ జాలీ, రబ్బరు రింగులు విడిగా దొరుకుతాయా, మీ ఊళ్లో సర్వీస్ ఉందా అని కనుక్కునే డబ్బులివ్వండి. ఊడదీసి మళ్లీ బిగించి చూపించమనండి, తర్వాత మీరే ఒకసారి బిగించి చూడండి. ఎంతసేపు ఆపకుండా నడపొచ్చో కింద స్టిక్కరు మీద ఉంటుంది, అదీ చదవండి. నలుగురైదుగురికి ఒకేసారి జ్యూసు తీయాల్సి వచ్చినా మధ్యలో విరామం ఇవ్వాలి, లేకపోతే కాలిన వాసన మొదలవుతుంది.

మా కోల్డ్ ప్రెస్ ఇప్పుడు శని, ఆదివారాల్లోనే బయటికి వస్తుంది, ఎక్కువగా ఉసిరి సీజన్‌లో. 1,350 రూపాయలది మాత్రం గట్టు మీంచి దిగింది లేదు. కోను గీతలు కాస్త అరిగాయి, పోయిన నెల కొత్త కోను 120 రూపాయలకు తెప్పించి పెట్టాను. వేసవి సెలవుల్లో ఒక రోజు నేను ఇంట్లోనే ఉన్నాను కదా, పదకొండవుతుంటే లేచి అత్తమ్మకు రసం తీద్దామని వంటింట్లోకి వెళ్లాను. ఆమె అప్పటికే రెండు గ్లాసులు పిండి పెట్టింది. "ఒగటి నీకే, తాగు, చేదెక్కక ముందే" అంది.